పిల్లల రేసింగ్‌కి ఏ క్లాస్ (రకం) కాటమరాన్ పడవ తీసుకోవాలి? హాబీ 16ఆ, నాక్రా 15ఆ, చిన్నదేదన్నానా? (రంభ, గంజాం జిల్లా)

బరంపురం గేమ్స్‌సారు:

అందరికీ నమస్కారం. నేను బరంపురం దగ్గర హైస్కూల్లో గేమ్స్ టీచర్ని. ఇచ్ఛాపురం దాటాక ఒడిశా అని బోర్డు వస్తుంది గానీ బజార్లో మాట మాత్రం మారదు, మా బళ్ళో కూడా సగం మంది ఇళ్ళల్లో తెలుగే. రెండేళ్ళ నించి ఆదివారం ఆదివారం రంభ దగ్గర చిలికాలో పిల్లలకి సెయిలింగ్ నేర్పుతున్నాం, మొత్తం పదకొండు మంది, అందులో ఏడుగురు గోపాల్‌పూర్ వైపు వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. మా దగ్గర ఉన్నవి రెండు పాత ఆప్టిమిస్టులు, అతుకులేసిన ఒక లేజర్, అంతే, అన్నీ ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవలు. వాటిమీదే వంతులేసుకుని నేర్చుకుంటున్నారు, ఒకడు నీళ్ళమీద ఉంటే మిగతా పదిమంది గట్టుమీద కూచుని వాడి తప్పులు అరిచి చెప్తుంటారు.

ఇప్పుడు విషయం ఏంటంటే మా పాత స్టూడెంట్ ఒకతను విదేశంలో సెటిలయ్యాడు, అక్కడ వీకెండ్‌లో క్యాట్ (కాటమరాన్, రెండు హల్స్ పక్కపక్కన కలిపిన తెరచాప పడవ) నడుపుతాడంట, మాస్టారూ పిల్లలకి రేసింగ్ కాటమరాన్ కొనండి డబ్బు నేను పంపుతా అన్నాడు. ఆ మాట పిల్లలకి తెలిసిన రోజు నించి నన్ను నిద్రపోనివ్వట్లేదు, ఫోన్లో ఒక హల్ (నీళ్ళమీద తేలే రెండు డొల్లల్లో ఒకటి) గాల్లోకి లేచిన వీడియోలు చూసి చూసి అదే కావాలంటున్నారు. ఆ డబ్బుకి ఒక కొత్త నాక్రా 15 వస్తుందేమో, లేకపోతే సెకండ్ హ్యాండ్ హాబీ 16లు రెండు రావచ్చు. ఇంకొకాయన ఏమో అవేం వద్దు ప్లాస్టిక్ హల్స్ ఉన్న చిన్న క్యాట్స్ తీసుకో, పిల్లలు ఇసకలో ఈడ్చినా ఏం కాదు అన్నాడు.

పిల్లల వయసు 11 నించి 16. ఈత అందరికీ బాగా వచ్చు, ఆ ఏడుగురికైతే నాకన్నా బాగా వచ్చు. సన్నగా ఉంటారు, మా వాళ్ళలో లావు పిల్లలు లేరు. రేస్ చెయ్యాలని వాళ్ళకి గట్టిగా ఉంది, ఊరికే తిరగడానికి కాదు. ఈ డబ్బు మళ్ళీ రాదు, ఒకసారి తప్పు కొంటే షెడ్డులో పడి పాడైపోతుందని భయం. క్యాట్స్ నడిపినవాళ్ళు, పిల్లలకి నేర్పినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి, మీకు తెలిసిన చిన్న విషయం కూడా వదలొద్దు.

గాలివాటం:

మాస్టారూ నమస్తే, విశాఖ నించి రాస్తున్నా. నేవీలో ఉన్నప్పుడు కొన్నేళ్ళు డింగీలు (ఒకే హల్ ఉన్న చిన్న తెరచాప పడవలు), తర్వాత హాబీ 16 నడిపాను, రిటైరయ్యాక పిల్లలకి వీలైనప్పుడల్లా నేర్పుతుంటాను. మీరు పడవ పేర్లు అడిగారు, నేను ముందు వేరేది అడుగుతా. మీ పిల్లల బరువులు ఎంత? ఒక్కొక్కళ్ళని రైతు బజార్ కాటా మీదైనా నిలబెట్టి రాసుకోండి, ఎందుకంటే క్యాట్ క్లాస్ ఎంచుకోవడంలో ముందు చూడాల్సింది వయసు కాదు, ఇద్దరి బరువు కలిపి ఎంతా అని.

ఎందుకో చెప్తా. హాబీ 16 వెడల్పు 2.41 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. గాలి పడవని పక్కకి ఒరగదొయ్యాలని చూస్తుంది, దాన్ని ఆపేది రెండే, పడవ బరువు, గాలి వచ్చే వైపు హల్ మీద కూచున్న పిల్లల బరువు. పడవ బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి దానికి సగం వెడల్పే లెక్క, 145 ని 1.2 తో గుణిస్తే 174. పిల్లలు ఆ చివర కూచుంటారు కాబట్టి వాళ్ళకి పూర్తి వెడల్పు, ఇద్దరూ కలిపి 130 కిలోలుంటే 130 ఇంటూ 2.4, అంటే 312. ఇద్దరూ కలిపి 85 ఉంటే 204 మాత్రమే. అంటే పడవని నిలబెట్టేదాంట్లో సగానికి పైగా పిల్లల ఒళ్ళే. ట్రాపీజ్ మీద, అంటే మాస్ట్ (తెరచాప నిలబెట్టే స్తంభం) నించి వచ్చే వైరుకి నడుం తగిలించుకుని బయటికి వేలాడితే ఇంకా పెరుగుతుందనుకోండి కానీ అది వచ్చేసరికి కొంత కాలం పడుతుంది. ఇంకో పక్క గాలి స్పీడు రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది, పొద్దున 8 నాట్ల (గంటకి దాదాపు 15 కిలోమీటర్ల) గాలిలో హాయిగా నడిపిన పిల్లలే మధ్యాన్నం 16 నాట్లకి అదే పడవ మీద ఏడుస్తారు, నేను కళ్ళారా చూశాను. ఆప్టిమిస్ట్ తెరచాప మూడున్నర చదరపు మీటర్లు, హాబీ 16ది రెండు తెరచాపలూ కలిపి 20. ఆరు రెట్లకి దగ్గర. 12 ఏళ్ళ పిల్లని దాని మీదనించి దీని మీదకి ఒక్క గెంతులో ఎక్కించొద్దు.

హాబీ 16 క్లాస్ రూల్‌లో రేసుకి ఇద్దరి బరువు కనీసం 129.3 కిలోలు ఉండాలి, తక్కువైతే ఆ లోటుకి బరువు కట్టుకుని ఎక్కాలి. నాక్రా 15కి 110 నించి 130 మధ్య ఉన్న జంటలు బాగా నడుపుతారు, అది కుర్రాళ్ళ కోసమే గీసిన పడవ, 4.7 మీటర్ల పొడవు, ముందు జెనకర్ (గాలి వాటున వెళ్ళేటప్పుడు విప్పే పెద్ద తెరచాప) కూడా ఉంటుంది. వరల్డ్ సెయిలింగ్ యూత్ వరల్డ్స్‌లో 2016 నించి మల్టీహల్ అంటే అదే, 2018 బ్యూనస్ ఏరీస్ యూత్ ఒలింపిక్స్‌లో కూడా అదే వాడారు, ఒక అమ్మాయి ఒక అబ్బాయి కలిసి. దాని అన్న నాక్రా 17 పెద్ద ఒలింపిక్స్‌లో ఉంది, అది ఇప్పుడు ఫాయిల్స్ (అడుగున ఉండే రెక్కలు) మీద నీళ్ళపైన ఎగిరే బోటు. కాబట్టి పుస్తకం ప్రకారం చూస్తే యూత్ రేసింగ్ క్యాట్ అంటే నాక్రా 15 అనే ఎవరైనా చెప్తారు.

కానీ నేను మీకు అది చెప్పను. ఒక్కటే కొంటే ఎవరితో రేస్ చేస్తారు? రేసింగ్ అంటే ఒకేలాంటి రెండు పడవలు పక్కపక్కన. పక్కోడు నాకంటే ఒక గజం ముందుకెళ్ళాడు, వాడు మెయిన్‌షీట్ (పెద్ద తెరచాప తాడు) ఎంత బిగించాడు, నేనెంత బిగించాను, ఇది చూసే పిల్లలు నేర్చుకుంటారు, కోచ్ మాట విని కాదు. ఒక నాక్రా అయితే పదకొండు మందిలో ఇద్దరే నీళ్ళమీద, మళ్ళీ తొమ్మిదిమంది గట్టుమీదే. రెండు పాత హాబీలు అంటే ఆరుగురు, ఎందుకంటే ట్రైనింగ్‌లో హాబీ 16 మీద ముగ్గురు చిన్న పిల్లలు ఎక్కొచ్చు, బరువు లెక్క కూడా సరిపోతుంది, 35, 40, 45 కలిపితే 120. రేస్ రోజున ఇద్దరే అనుకోండి.

ఒలింపిక్స్‌లో ఉంది కాబట్టి కొనాలి అనేది కూడా అంతగా పట్టించుకోవద్దు. టోర్నడో క్లాస్ 1976 నించి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉంది, 2012 లండన్‌కి తీసేశారు, అసలు కాటమరానే లేకుండా పోయింది, మళ్ళీ 2016లో వేరే పడవ వచ్చింది. యూత్ వరల్డ్స్‌లో కూడా ముందు హాబీ 16, తర్వాత సిరీనా ఎస్ఎల్ 16, ఆ తర్వాత నాక్రా. కమిటీలు మారుస్తుంటాయి, మన పిల్లలు ఆ కమిటీలని పట్టుకుని తిరగలేరు. హాబీ 16 అయితే 1970 ప్రాంతం నించి ఇప్పటికీ అదే పడవ, లక్షకు పైగా చేశారు, 1990ల్లో చేసిన హల్‌కి ఇవాళ చేసిన రడ్డర్ (చుక్కాని) పట్టేస్తుంది.

ఇంకొకటి, మరిచిపోకుండా రాసుకోండి. తిరగబడితే లేపేది ఎవరు? ఇద్దరూ కలిపి 90 కిలోల పిల్లలు హాబీ 16ని వాళ్ళంతట వాళ్ళు లేపలేరు. కింది హల్ మీద నిలబడి, పై హల్ మీదనించి వేసిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి, షీట్లు రెండూ వదిలేసి ముక్కు గాలి వైపు తిప్పుకోవాలి, అన్నీ సరిగ్గా చేసినా బరువు చాలదు. కాబట్టి దగ్గర్లో మోటార్ బోటు లేకుండా దాన్ని దించొద్దు. మోటార్ బోటు ఉందా మీకు?

హుస్సేన్‌సాగర్ అమ్మ:

మాస్టారు గారూ, నేను సెయిలర్ని కాదండీ, మా అమ్మాయి హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ తో మొదలుపెట్టి ఇప్పుడు ఐఎల్‌సీఏ 4 (లేజర్‌నే ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు, 4 అంటే చిన్న తెరచాపది) నడుపుతోంది, దాని వెనకాల తిరిగి తిరిగి నాకు తెలిసింది చెప్తున్నాను. మన దేశంలో పిల్లలకి జరిగే రెగట్టాల్లో (తెరచాప పడవల పోటీల్లో) ఎక్కువగా ఉండేవి ఆప్టిమిస్ట్, ఐఎల్‌సీఏ, 420, 29ఈఆర్ ఇవి, వీటిలో క్యాట్ ఒక్కటీ లేదు. మీ పిల్లలు క్యాట్ బాగా నేర్చుకుని రెడీ అయ్యాక, ఇప్పుడు మమ్మల్ని పోటీకి తీసుకెళ్ళండి మాస్టారూ అంటే ఎక్కడికి తీసుకెళ్తారు అనేది ముందే ఆలోచించండి. ఈ పడవ వద్దు అనట్లేదు, ఆ ఆప్టిమిస్టులని మాత్రం అమ్మొద్దు, దయచేసి.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో నేహా ఠాకూర్ సిల్వర్ గెలిచింది కదా, ఐఎల్‌సీఏ 4 లోనే. మధ్యప్రదేశ్ లో ఒక రైతు కూతురు, భోపాల్‌లో చెరువులో నేర్చుకుంది, ఆ పిల్లకి సముద్రమే లేదు. మీ దగ్గర చిలికా ఉంది, సముద్రం ఉంది, సముద్రంలో పుట్టి పెరిగిన పిల్లలున్నారు. ఒక్క మనిషి నడిపే పడవలో 13 ఏళ్ళ సన్న పిల్లకి కూడా చోటుంటుంది, బరువు కోసం జంట వెతుక్కోనక్కర్లేదు. అదే గేమ్స్‌లో విష్ణు శరవణన్‌కి ఐఎల్‌సీఏ 7లో బ్రాంజ్ వచ్చింది. నాక్రా 17లో కూడా మనవాళ్ళు వెళ్ళారు, కాబట్టి ఆ దారి అసలు లేదని కాదు, ఇరుకు దారి.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. మీ పదకొండు మందిలో ఎంతమంది అమ్మాయిలో రాయలేదు. మిక్స్‌డ్ క్యాట్‌లో అమ్మాయి లేకపోతే టీమే లేదు, ఆ ఒక్క విషయం నాకు చాలా నచ్చింది. జంటలు వేసేటప్పుడు మాత్రం ప్రతిసారీ అబ్బాయికి చుక్కాని, అమ్మాయికి జిబ్ (ముందుండే చిన్న తెరచాప) తాడు ఇచ్చెయ్యొద్దండి, మా దగ్గర అలాగే చేస్తుంటే నేను గొడవపెట్టి మార్పించాను.

తెప్పోడు:

సారూ నాది గోపాల్‌పూరే, వాడ పిల్లోణ్ణి. మా తాత తెప్ప మీద వేటకెళ్ళేవోడు, నాన్న ఫైబర్ బోటు, నేను తొమ్మిదేళ్ళు గోవాలో బీచ్ మీద హాబీలు రిపేర్ చేశాను, ఇప్పుడు గల్ఫ్‌లో అదే పని. మన ఊరి పిల్లలు సెయిలింగ్ చేస్తున్నారని చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏటంటే కాటమరాన్ అనే మాట మన వైపు నించే పోయింది సారూ, తమిళంలో కట్టుమరం అంటే కట్టిన మాను, మన తెప్పే అది. తెప్పకి రెండు హల్స్ ఉండవు, నాలుగైదు దుంగలు తాడుతో కట్టడమే, కానీ పేరు పట్టుకుపోయి వేరే పడవకి పెట్టేశారు. ఆ పిల్లలకి ఈ సంగతి చెప్పండి, వాళ్ళ తాతల మాట అది.

ఇప్పుడు పని సంగతి. పైన అన్న రాసిందంతా కరెక్టే, నీళ్ళ సంగతి మాత్రం నేను చెప్తా. చిలికాలో రంభ వైపు లోతు కొంత నయమే అయినా చాలా చోట్ల మనిషి నిలబడిపోవచ్చు, అడుగంతా బురద, గడ్డి. నాక్రాకి డాగర్‌బోర్డులుంటాయి, అంటే హల్ లోంచి నీళ్ళలోకి దింపే పలకలు, దింపితేనే అది గాలికి ఎదురు బాగా ఎక్కుద్ది, లోతు లేని చోట అవి బురదలో గుచ్చుకుంటాయి, లేకపోతే గడ్డి పట్టేసి పడవ ఆగిపోద్ది. ఘేరీల (రొయ్యల కోసం కట్టిన దడుల) వెదురు కర్రలు కూడా ఉంటాయి కదా, కొన్ని నీళ్ళ కింద విరిగి ఉంటాయి, వాటికి తగిలితే బోర్డు, బోర్డు గూడు రెండూ పోతాయి. హాబీ 16కి బోర్డులే లేవు, హల్స్ బయటివైపొక రకం లోపలివైపొక రకం వంపు ఉంటుంది, ఆ ఆకారమే బోర్డు పని చేస్తుంది. రడ్డర్లు కూడా ఏదన్నా తగిలితే వాటంతటవే పైకి లేచిపోతాయి. దానికి ఒక లోటుంది, తిరగడం కష్టం, టాక్ చేసేటప్పుడు (ముక్కుని గాలి మీదుగా ఇటునించి అటు తిప్పేటప్పుడు) జిబ్‌ని వెనక్కి పట్టి ఉంచాలి, లేకపోతే మధ్యలో ఆగిపోయి వెనక్కి నడుస్తుంది. పిల్లలు నెలకి నేర్చేసుకుంటారు.

లోతు లేని చోట ఇంకో ప్రమాదం మాస్ట్. అది 26 అడుగులు దాటి ఉంటుంది. పడవ పక్కకి పడితే పరవాలేదు, పూర్తిగా తలకిందులైతే మాస్ట్ కొస పోయి బురదలో దిగిపోద్ది, ఆ తర్వాత లాగితే వంగిపోద్ది లేకపోతే విరుగుద్ది. మాస్ట్ కొసకి గాలి బుర్ర ఒకటి వస్తుంది, బాబ్ అంటాం, అది కట్టించండి, పడవ తలకిందులవ్వకుండా పక్కకే ఉంటుంది. చూడ్డానికి బాగోదని కొంతమంది తీసేస్తారు, మీరు తియ్యనివ్వొద్దు. అలగే కరెంటు తీగలు. మాస్ట్ నిలబెట్టి ట్రాలీ మీద తోసుకెళ్తుంటే రోడ్డు మీద తీగ తగిలి మనుషులు పోయిన కేసులు అమెరికాలో జరిగితేనే 1980ల్లో హాబీ వాళ్ళు మాస్ట్ పైముక్క అల్యూమినియం తీసేసి కరెంటు పాకని దాంతో చేశారు. పాత బోటు కొంటే ఆ పైముక్క ఏదో చూసుకోండి. ఏది ఉన్నా సరే నీళ్ళ ఒడ్డునే మాస్ట్ ఎత్తాలి, ఇంటిదగ్గర ఎత్తి తేకూడదు. రంభ జెట్టీ దారిలో తీగలు ఎలగ ఉన్నాయో మీకే తెలుసు.

గోపాల్‌పూర్ బీచ్ నించి దించుదామని పిల్లలు అడుగుతారు, అడక్కుండా ఉండరు. ఇప్పుడే వద్దు. ఒడ్డు కెరటం అక్కడ నిలువుగా విరుగుద్ది, మనోళ్ళు కెరటాలు లెక్కెట్టి, పెద్దవి పోయాక సందు చూసి తోస్తారు, అలా తొయ్యడానికి పడవకి నలుగురు పెద్దోళ్ళుండాలి. హాబీ అడ్డం తిరిగితే మొదట మాస్ట్ పోద్ది, తర్వాత పిల్లోడి కాలు. రెండేళ్ళు చిలికాలో నడిపాక, వాళ్ళ నాన్నల్నే పక్కన పెట్టుకుని చేయించండి, మీకన్నా నాకన్నా ఆ కెరటం వాళ్ళకే తెలుసు. ఋషికుల్య మొగ వైపు మాత్రం అస్సలు పోవద్దు, తాబేళ్ళొచ్చే నెలల్లో అక్కడ కాపలా ఉంటుంది, ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ హాబీ చూసేటప్పుడు ఇలా చూడండి. హల్ పైభాగం, ముఖ్యంగా ముందువైపు, బొటనవేలితో నొక్కుతూ పోండి. ఎక్కడైనా మెత్తగా దిగిందంటే లోపల ఫోమ్ నించి ఫైబర్ విడిపోయింది, దానికి మందు వెయ్యొచ్చు గానీ రేసుకి పనికిరాదు, ఎంత తక్కువకిచ్చినా కొనొద్దు. తర్వాత హల్ మీదనించి లేచే నాలుగు కాళ్ళుంటాయి కదా, ఫ్రేమ్ దాంట్లో కూచుంటుంది, అవి పట్టుకుని ఊపండి, కటకటమంటే లోపల అరిగింది. డ్రెయిన్ బిరడా తీసి అక్కడ నోటితో మెల్లగా ఊది, మూసి, అతుకుల మీద సబ్బు నీళ్ళు రాయండి, బుడగలొస్తే అక్కడ లీకు. పంపుతో ఊదొద్దు, హల్ పగుల్తుంది. స్టీలు వైర్లన్నీ పాతవైతే మారు మాట్లాడకుండా మార్చెయ్యండి, మొత్తం పడవలో ప్రాణం కాపాడేది అదే, కొసల దగ్గర ఒక్క పోగు తెగినా మాస్ట్ పిల్లల మీద పడుద్ది. ట్రాంపొలిన్ (హల్స్ మధ్య కట్టే గుడ్డ) కుట్లు గోరుతో గీరితే పొడి రాలితే ఎండకి చచ్చిపోయిందని. మన ఉప్పుకి, మన ఎండకి గుడ్డ కప్పి ఉంచకపోతే రెండేళ్ళే.

బరంపురం గేమ్స్‌సారు:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, ముగ్గురికీ చేతులెత్తి దణ్ణం. తెప్ప సంగతి నిన్ననే పిల్లలకి చెప్పాను తమ్ముడూ, ఒకడు ఇంటికెళ్ళి వాళ్ళ ముసలాయన్ని అడిగి దుంగలు ఏ చెట్టువో రాసుకొచ్చాడు.

బరువులు తూచాను. 31, 33, 36, 38, 38, 41, 44, 47, 49, 55, 58. అమ్మాయిలు నలుగురు అమ్మా, అందులో 49 కిలోల పిల్లే అందరికన్నా బాగా నడుపుతుంది, చుక్కాని దానికే ఇస్తాను. అంటే గాలివాటం గారి లెక్క ప్రకారం నాక్రాకి దగ్గరగా వచ్చేవి 58, 55 ఒక జంట, తర్వాత 49, 47 అంటే 96, అంతే. మిగతా ఏడుగురికి ఆ పడవ ఎందుకూ పనికిరాదు. హాబీ 16 క్లాస్ బరువు ఒక్క జంట కూడా అందుకోదు. ముగ్గురేసి ఎక్కితే మాత్రం బాగానే ఉంది.

మోటార్ బోటు సొంతానికి లేదు. ఇద్దరు పిల్లల నాన్నలు వేట నిషేధం నెలల్లో, ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా, అవుట్‌బోర్డ్ మోటార్ తెచ్చి రంభలో ఉంటామన్నారు, డీజిలు పెట్రోలు మేం పెట్టుకోవాలి. బడి సెలవులు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి కలిసొచ్చింది. ఆ నెలల్లో మధ్యాన్నం దక్షిణపు గాలి గట్టిగా వీస్తుంది, సాయంత్రం కాలబైశాఖి (ఉన్నట్టుండి వచ్చే ఉరుముల గాలివాన) భయం. మిగతా నెలల సంగతేంటో తెలీట్లేదు. మరి ఆ ప్లాస్టిక్ చిన్న క్యాట్స్ మాటేంటి, ఎవరూ చెప్పలేదు.

గాలివాటం:

బరువులు చూశాక నా మాట కొంచెం మారుస్తున్నాను మాస్టారూ. హాబీ వేవ్ లాంటివి మీరడిగేది. 13 అడుగుల పడవ, పాలిథిలిన్ హల్స్, ఒకే తెరచాప, బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర) ఉండదు కాబట్టి తలకి తగిలేది లేదు. రాయికి తగిలినా సొట్ట పడుతుంది గానీ పగలదు. బోర్డులు కూడా లేవు, చిలికాకి సరిపోతుంది. 33 కిలోల పిల్లా 41 కిలోల పిల్లాడూ దాన్ని సొంతంగా నడపగలరు, పడితే లేపడం కూడా దీనిమీదే ముందు నేర్చుకుంటారు. స్పీడు తక్కువ, గాలికి ఎదురు ఎక్కడంలో మందం, రేస్ పడవ అని ఎవరూ అనరు. కానీ ఒకేలాంటివి రెండుంటే మీ గట్టుముందే రేస్, రెండు బాయ్‌లు (నీళ్ళమీద తేలే గుర్తులు) వేస్తే చాలు.

కాబట్టి నేనైతే డబ్బుని ఇలా విడగొడతాను. చిన్న ప్లాస్టిక్ క్యాట్స్ ఒకే రకానివి రెండు, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మరీ మంచిది, పక్కన గట్టి హాబీ 16 ఒకటి. పెద్ద నలుగురికీ ట్రాపీజ్, జిబ్ పని అన్నీ ఆ హాబీ మీద వస్తాయి, చిన్నవాళ్ళు ముగ్గురేసి ఎక్కి చూస్తారు. రెండేళ్ళకి ఇప్పటి 44, 47 వాళ్ళు 55 దాటతారు, అప్పుడు రెండో హాబీ. నాక్రా అవసరం వచ్చే జంట నిజంగా తయారైతే అప్పటికి వాళ్ళని తీసుకెళ్ళే చోట పడవ అద్దెకి దొరుకుతుంది, ఇక్కడ కొని పెట్టుకోనక్కర్లేదు. పైన అమ్మ చెప్పింది కూడా నిజమే, ఆప్టిమిస్టులు, లేజర్ ఉంచండి, క్యాట్ మీద స్పీడు నేర్చిన పిల్లకి గాలి చదవడం మళ్ళీ ఆ చిన్న పడవ మీదే వస్తుంది.

డబ్బు మొత్తం పడవలకే పెట్టెయ్యొద్దు. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి, హెల్మెట్లు, ట్రాపీజ్ హార్నెస్సులు, ప్రతి పడవకి ఒక హుక్ కత్తి. కత్తి ఎందుకంటే పడవ పడినప్పుడు పిల్లాడు ట్రాంపొలిన్ కింద, తాళ్ళలో ఇరుక్కుంటే కొయ్యడానికి, అది పెద్దవాళ్ళ జేబులో కాదు పిల్లల జాకెట్‌కే కట్టి ఉండాలి. పెట్రోలు డబ్బు ఏడాదికి సరిపడా పక్కన పెట్టండి. కాలబైశాఖికి ఒకటే రూల్, వాయవ్యంలో నల్లగా కమ్మిందంటే ఈల వెయ్యండి, తెరచాప అక్కడికక్కడే దించేసి ఒడ్డుకి లాగేసుకోవడమే, రేస్ సగంలో ఉన్నా సరే. అక్టోబరు వస్తే మాస్టులు విప్పి హల్స్ ఇసకలోకి లంగర్లేసి కట్టెయ్యండి, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే కదా తీరం దాటింది, మీకు నేను చెప్పేదేముంది.

తెప్పోడు:

అన్న చెప్పిన లెక్క బాగుంది, నేనూ అదే అందును. సారూ, మార్చిలో నెల రోజులు సెలవుకొస్తున్నాను, అప్పటిదాకా హాబీ ఏదీ ఖాయం చెయ్యకండి. ఎవరన్నా అమ్ముతామంటే ఫోటోలు పెట్టించండి, పైన మెరిసేవి కాదు, హల్ అడుగు, రడ్డర్ పట్టే చోట, వైర్ల కొసలు, ఈ మూడూ దగ్గరగా తీసినవి. హల్ అడుగు ఇసకలో ఈడ్చి ఈడ్చి వెనకవైపు అరిగిపోయి ఉంటుంది, అది రెండు మూడు రోజుల పని, ఫైబరూ రెసినూ నేనే తెస్తాను, పెద్ద పిల్లలు ఇద్దరు నా పక్కన కూచుని చేస్తే తర్వాత వాళ్ళే చేసుకుంటారు. షెడ్డు మాత్రం ఇప్పుడే చూసిపెట్టండి, పడవ వెడల్పు ఎనిమిది అడుగులు, రంభలో మామూలు గేటులోంచి పట్టదు.